ప్రభుత్వము పంపని మూడు చాటింపులు

వర్షర్తువు తన నీలికంబళి మడిచి భుజమున వైచుకొని తరలిపోగా శరల్లక్ష్మి ధవళవసనధారిణియై గోదావరీతీరభూముల నడుగిడిన దినములవి. పొట్టదశయందున్న వరిచేలు గర్భాలసలైన కాంతలవలె మెల్లమెల్లన తూగుచుండెను. కాలువగట్ల వెంబడి విరిసిన రెల్లుపూలు రానున్న ఏ రాజునకో పట్టిన వింజామరలవలె వీచుచుండెను. ప్రాచీదిశాముఖమున బాలభానుడు పలుచని మంచుతెర నొకవైపునకు తొలగించి లోకమును తొంగిచూచుచున్న ఆ శుభవేళ పాలకేంద్రమునకు పోవు స్త్రీల క్యానుల చప్పుడును, బడికి లేవని పిల్లలను లేపు తల్లుల కేకలును, మూడు వీథుల కూడలియందలి మంగతాయారు ఇడ్లీపాకనుండి వెలువడు ఆవిరియు నొక్కటిగా కలసి రెల్లుపాలెమను గ్రామమును నిద్రనుండి మేల్కొలుపుచుండెను.

ఆ పాకలో పొయ్యికి వెనుక, గోడకును పప్పుడబ్బాలకును నడుమ, ముగ్గురు మనుజులు కూర్చుండుటకు చాలని చోట ఒక బాలిక ఒంటరిగా కూర్చుండి ఏమో వ్రాసికొనుచుండెను. ఆమె మంగతాయారు కుమార్తె హైమవతి. ఆ గ్రామమునందలి ఉన్నతపాఠశాలలో పదియవ తరగతి చదువుచున్నది. చదువునందు చురుకుదనమును, చూపునందు సూక్ష్మతయు, చేవ్రాతయందు ముత్యములపోలికయు గలిగియు నామెకు కంఠమును మాత్రము దైవము చాల పొదుపుగా నిచ్చెను. ఉపాధ్యాయుడు హాజరు పిలుచునప్పుడు "ఉన్నానండి" యను మాట ఆమె పెదవులు దాటులోపల ఆయన తరువాతి పేరునకు పోవుటయు, తత్ఫలితముగా ఆమె ఆ సంవత్సరమున పదునొకండు దినములు తరగతిలో ముందువరుసను కూర్చుండియే బడికి రానిదిగా లెక్కింపబడుటయు తోటివారందఱెఱిగిన విషయమే.

నోట పలుకలేని మాటలన్నియు నామె ఒక డైరీలో వ్రాసికొనెడిది. అది యెరువుల దుకాణమువారు నూతనవత్సరమున ఊరక పంచిపెట్టినది. ప్రతిపుటయందును అడుగున చీడపీడల నివారణకొక సలహా ముద్రింపబడి యుండెను. ఆ సలహాకు పైనున్న ఖాళీస్థలమున హైమవతి దేశముయొక్క చీడపీడలను విచారించుచుండెను. పాకకు ఇడ్లీ తినవచ్చినవారు చదివి మడత విప్పి పచ్చడిమరకలతో విడిచిన వార్తాపత్రికను ఆమె మొదటి పంక్తినుండి కడపటి ప్రకటనవఱకు చదివి, రాజకీయములనుగూర్చియు, అంగడి సరకులనుగూర్చియు, పిల్లల పెంపకమునుగూర్చియు తనకు తోచిన దంతయు నిర్భయముగా వ్రాసెడిది.

ఒకనాడామె ఇట్లు వ్రాసెను: "ఒక నాయకుడు ఉదయమొక కండువాతోను సాయంకాలము వేఱొక కండువాతోను పత్రికలో కనబడినాడు. రెండు బొమ్మలలోను నవ్వు మాత్రమొక్కటియే." మఱియొకనాడు: "మా యింటి సబ్బుకు ఈ నెలలో నడుము సన్నబడినది. ధరకు మాత్రము ఒళ్లు వచ్చినది." వేఱొకనాడు: "ఎదురింటి అక్క బిడ్డకు ఫోనులో బొమ్మ చూపుచు అన్నము పెట్టుచు తానును ఆ బొమ్మనే చూచుచు ముద్దను బిడ్డ చెవిలో పెట్టినది. బిడ్డ ఏడువలేదు. వాడును బొమ్మనే చూచుచున్నాడు."

ఇట్లు గొంతు పెగలని బాలికయు జంకుగొంకులు లేక మాటలాడదగిన వ్యక్తి ఆ గ్రామమున నొక్కడుండెను. అతడు యేసోబు. డెబ్బదియేండ్లు దాటినవాడు, ముత్తాతలనాటినుండి రెల్లుపాలెమునకు చాటింపు వేయు కుటుంబమున పుట్టినవాడు. పంచాయతీ కార్యదర్శి వ్రాసియిచ్చిన కాగితమును ప్రతిదినము ఇంకెవ్వరును రాకమునుపే ఇడ్లీపాకకు తెచ్చి హైమవతికి చూపుటయు, ఆమె దానిని తన డైరీలో చక్కని పాతకాలపు చాటింపుబాణీలోనికి మార్చి వ్రాసి చదివి వినిపించుటయు, అక్షరమెఱుగని యేసోబు ఒక్క వినికిడితో దానిని కంఠస్థము చేయుటయు మూడేండ్లుగా సాగుచున్న ఆచారము. కాగితమందలి భాష అతనికి గిట్టదు. "కార్యదర్శిగారి రాత డప్పు మీద పడదు తల్లీ, జారిపోద్ది. నువ్వు రాత్తే గట్టిగా కూకుంటాది" అనెడివాడు. ఆమె చదువుచున్నంతసేపు అతని చూపుడువ్రేలు బల్లపై మెల్లగా తాళము వేయుచుండును. ఏ మాటకు ఆ వ్రేలు మ్రోగెనో ఆ మాట అతని హృదయమున శిలాక్షరమై నిలిచిపోయెనని అర్థము. చాటింపు వేసిన యేబదియేండ్లలో అతడొక్క మాటను చేర్చినవాడు గాడు, ఒక్క మాటను మింగినవాడును గాడు.

ఆ శరత్ప్రభాతమున యేసోబు తెచ్చిన కాగితమున ఒక్కటే సంగతి యుండెను. మంచినీటి ట్యాంకును కడుగుచున్నందున మఱునాడు మధ్యాహ్నమువఱకు కుళాయిలు రావు. హైమవతి దానిని మార్చి వ్రాసి చదివెను. వ్రేలు మ్రోగెను. టీగ్లాసు క్రింద పెట్టుచు యేసోబు అలవాటు చొప్పున నడిగెను.

"ఇంకేవైనా ఉన్నాయా తల్లీ?"

ఆ దినము హైమవతి మనస్సు మిక్కిలి ఉల్లాసముగా నుండెను. తెల్లవాఱుటకు పూర్వమే ఆమె వినోదార్థమై తన అభిప్రాయములు మూడింటిని అచ్చముగా చాటింపుబాణీలోనే వ్రాసి తనలో తాను నవ్వుకొనియుండెను. తాతను కూడ నవ్వించు తలంపుతో "ఇంకా మూడున్నాయి తాతా, విను" అని ఆ మూడింటిని గంభీరముగా చదివెను. యేసోబు నవ్వలేదు. అతని వ్రేలు మాత్రము మ్రోగుచునే యుండెను. చదువుట ముగిసిన పిమ్మట అతడు పైపంచె దులుపుకొని డప్పు భుజమునకు తగిలించుకొని వెడలిపోయెను. తాతకు నచ్చలేదని తలంచి సిగ్గుపడి హైమవతి డైరీ మూసి పచ్చడి గిన్నెలు కడుగుటకు పూనుకొనెను. అతడు నవ్వకపోవుటకు కారణము వేఱు. సర్కారువారి యుత్తరువులకు నవ్వుట అతని వంశమున లేదు.

పదినిమిషములు గడచెనో లేదో పడమటివీథి మొదటినుండి డప్పు మ్రోగెను.

"వినండహో! ఇందుమూలముగా రెల్లుపాలెం గ్రామ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, రేపు మంచినీటి ట్యాంకు కడుగుతున్నందున మధ్యాహ్నం దాకా కుళాయిలు రావహో!"

స్త్రీలు బిందెలు వెదకుకొనుటకు లోనికి పోబోవుచుండగా డప్పు మరల మ్రోగెను.

"మరియూ తెలియజేయడమేమనగా, గెలిచిన పిమ్మట కండువా మార్చిన నాయకులు ఎవరెవరి ఓట్లతో గెలిచినారో వారి వారి ఇండ్లకు స్వయముగా వెళ్లి ఆ ఓట్లు తిరిగి ముట్టజెప్పవలెనహో!

మరియూ తెలియజేయడమేమనగా, తినుబండారముల ప్యాకెట్లు అమ్మెడి దుకాణదారులు సరకు వేరుగానూ గాలి వేరుగానూ అమ్మవలెను. గాలి అక్కరలేని వారిని బలవంతపెట్టరాదహో!

మరియూ తెలియజేయడమేమనగా, ప్రతి ఇంటా సాయంకాలం ఏడు గంటలు మొదలు ఎనిమిది వరకూ సెల్లుఫోనులు కోళ్లగంప కింద పెట్టి గంప మీద రుబ్బురోలు పొత్రం ఉంచవలెను. ఆ గంటలో పిల్లలు అడిగిన దానికి పెద్దలు జవాబు చెప్పవలెను. తెలియనిచో తెలియదని చెప్పవలెనహో!"

పాకలో హైమవతి చేతినుండి పచ్చడిగరిటె జారి నేలబడెను. ఆమె పరుగునపోయి కూడలిలో నిలిచి "తాతా, తాతా" అని పిలిచెను గాని ఆ పిలుపు తన చెవులకే సరిగా వినబడలేదు. మేకచర్మపు మహాధ్వని ముందర ఆ కోమలస్వరము ఉప్పెనలో పడిన ఆకువలె కొట్టుకొనిపోయెను. యేసోబు మూడు వీథులును తిరిగి మూడుమార్లు చాటి ఇంటికి పోయి చల్దియన్నము తిని హాయిగా పరుండెను.

ఇక గ్రామమున జరిగిన దానిని వర్ణించుటకు వేయినోళ్లు చాలవు. చాటింపనగా రెల్లుపాలెమున సర్కారుమాట. దానిని సందేహించుట వారెఱుగరు. బడి విడిచినంతనే బాలబాలికలు సత్యలింగము కిరాణాదుకాణమును ముట్టడించిరి.

"గాలొద్దండి, సరుకే కావాలండి!"

"గాలి నేను కొట్టానేంట్రా? నేనేవన్నా సైకిలు షాపువాణ్ణా?" అని సత్యలింగము మొత్తుకొనెను. తుదకొక ప్యాకెట్టును అందఱియెదుట విప్పి సరకును కాగితముపై కుమ్మరించి చూపగా పిల్లలతోపాటు తానును నివ్వెఱపోయెను. గుప్పెడు కూడ లేదు. పదేండ్లుగా తానమ్ముచున్న ప్యాకెట్టులోపల నేమున్నదో ఆయన చూచుట అదియే ప్రథమము.

అదే సమయమున సూరాయమ్మయను వృద్ధురాలు చేతిలో నొక గుడ్డసంచితో పంచాయతీ ప్రెసిడెంటు బుల్లెబ్బాయిగారి వాకిట ప్రత్యక్షమయ్యెను. బుల్లెబ్బాయిగారు రెండు నెలలక్రింద ఒక కండువా విడిచి మఱియొక కండువా ధరించిన మహనీయుడు. దుష్టుడు గాడు, ఊరికి మేలు చేయవలెనను కోరికయు, ఊరిలో మెప్పు పొందవలెనను కోరికయు సమపాళ్లలో గలవాడు.

"మా ఇంట్లో అయిదు ఓట్లు బాబూ. పెద్దోడిది, సిన్నోడిది, కోడళ్లిద్దరివీ, నాదీని. సంచీ తెచ్చుకున్నాను" అని సూరాయమ్మ సంచి నోరు తెఱచి పట్టుకొనెను.

"ఓట్లేంటి మామ్మా? సంచీ ఏంటి?"

"సాటింపులో సెప్పారు గదా. మీరు తిరగడం ఎందుకని నేనే వచ్చాను. కూకుంటాను, నెమ్మదిగానే ఇవ్వండి."

ఆమె వెనుక మఱికొందఱును సంచులతో వచ్చుట చూచి బుల్లెబ్బాయిగారి ముఖము పండుమిరపకాయవలె ఎఱ్ఱనయ్యెను. ఇది యిట్లుండగా సాయంకాలము ఏడు గంటలైనది. ఇంటింటను కోళ్లను వెళ్లగొట్టి గంపలు బోరగిలబెట్టిరి. నివాసభ్రష్టములైన కోళ్లు చూరులపైకెక్కి నిరసనసభలు జరిపెను. గంపలక్రింద ఫోనులు మ్రోగుచుండెను. పైనున్న పొత్రములను చూచి ఎవ్వరును సాహసింపలేదు. మొదటి పావుగంట ఎవరికేమి మాటలాడవలెనో తోచక భార్యాభర్తలు పెండ్లిచూపులనాటివలె ఒకరినొకరు చూచుకొనిరి. పిమ్మట పిల్లలు ప్రశ్నించుట మొదలిడిరి. చేపలు నిద్రపోవునా, నాన్న చిన్నప్పుడు ఎన్నిమార్లు దెబ్బలు తినెను, అమ్మ పేరునకు ముందు ఇంటిపేరెందుకు మారెను, మేఘమునకు అడుగుండునా. "తెలీదురా" యను మాట ఆ రాత్రి రెల్లుపాలెమున వినబడినన్నిమార్లు మునుపెన్నడును వినబడలేదు. తండ్రులకు తెలియనివి యింతగా నున్నవని తెలిసి పిల్లలు పరమానందభరితులైరి. చెవిలో ముద్దపెట్టించుకొనిన ఎదురింటి బిడ్డ ఆ పూట కంచమును తానే లాగికొని ముక్కునకును గడ్డమునకును పూసికొనుచు కడుపునిండ తినెను.

బుల్లెబ్బాయిగారి యింట కూడ గంప బోరగిలెను. ఆయన భార్య చాటింపును మీఱునది గాదు. ఆరేండ్ల మనుమరాలు తాతతొడపై నెక్కి కూర్చుండి "తాతయ్యా, నువ్వు ఆ పార్టీ నుంచి ఈ పార్టీకి ఎందుకెళ్లావ్?" అని యడిగెను. ఆయన గంపవంక చూపు త్రిప్పెను. "తెలియకపోతే తెలీదని చెప్పాలంట తాతయ్యా" అని ఆ పిల్ల దయతో గుర్తుచేసెను.

మఱునాడుదయమున ఆయన కార్యదర్శిని పిలిపించి కాగితము చూచెను. ట్యాంకు తప్ప మఱేమియు లేదు. యేసోబును పిలిపించెను.

"మిగతా మూడూ ఎవడు చెప్పమన్నాడ్రా?"

"సదివింది సెప్పానండి ఆయ్. నా సొంత మాట ఒక్కటీ లేదండి."

"చదివిందెవరు?"

యేసోబునకు అప్పుడు సంగతి లీలగా తోచెను. అతడు పాదములవంక చూచెను. ఎంత గద్దించినను ఆ నోట మఱి మాట రాలేదు. అంతట బుల్లెబ్బాయిగారు తీర్మానించిరి. ఆదివారము గ్రామసభలో ఆ డప్పును యేసోబుచేతనే పంచాయతీబీరువాలో పెట్టించవలెను. ఇకమీదట ప్రకటనలన్నియు ఫోనులోని వాట్సాపు గుంపునందే రావలెను. యేసోబునకు ఆ పని పోవలెను.

ఆ మధ్యాహ్నము యేసోబు పాకకు వచ్చి బల్లపై కూలబడెను. డప్పు ఒడిలో నుంచుకొని దాని అంచును పసిబిడ్డ నుదురువలె నిమురుచుండెను. హైమవతి ఎదుటికి వచ్చి నిలిచెను. కన్నులు నీటితో నిండియుండెను.

"తాతా, ఆ మూడూ సర్కారువి కావు. నేనే రాశాను. ఊరికే... నువ్వు నవ్వుతావని."

యేసోబు ఆమె మొగమును నిదానించి చూచెను. పిదప అతని భుజములు కదలెను, పొట్ట కదలెను, తుదకు బల్లయు కదలునట్లు అతడు నవ్వెను. చాటింపునాడు నవ్వవలసిన నవ్వంతయు వడ్డీతోసహా ఆ క్షణమున వెలువడెను.

"నాకప్పుడే అనుమానం రావాల్సింది తల్లీ. సర్కారోళ్లు ఇంత మంచి మాట ఎప్పుడు సెప్పారు? యాభై ఏళ్లు సాటాను. కుళాయి రాదు, కరెంటు రాదు, పన్ను కట్టండి. ఇయ్యే గదా!"

"ఆదివారం నేను చెప్పేస్తాను తాతా."

"వద్దు. పదో తరగతి పిల్లవి. ఊళ్లో నీ పేరు నలగడానికి ఈల్లేదు. నాదేంటి, ముసలోణ్ణి. డప్పు పోతే పడుకుంటాను." ఇట్లనుచునే అతని చేయి డప్పు అంచును విడువలేదు. అది హైమవతి చూచెను.

అంతవఱకు రోటిలో పిండి త్రిప్పుచు వెనుదిరిగి చూడని మంగతాయారు అప్పుడు పలికెను. "రాసినప్పుడు నన్నడిగావా? చెప్పేటప్పుడూ నన్నడక్కు. నీ మాట, నీ ఇష్టం. నేను మాత్రం నీ వెనకాల నుంచుంటాను, పారిపోవడానికి దారి లేకుండా."

ఆదివారమున బడి వసారాలో గ్రామసభ కూడెను. అంతటి జనమచ్చోట మునుపెన్నడును చేరియెఱుగదు. బల్లవెనుక బుల్లెబ్బాయిగారును కార్యదర్శియు కూర్చుండిరి. బల్లముందర యేసోబు డప్పుతో నిలిచియుండెను. బల్లప్రక్కన ఇనుపబీరువా తలుపు తెఱచి డప్పుకొఱకు ఎదురుచూచుచుండెను. బుల్లెబ్బాయిగారు తీర్మానము చదివి "ఎవరైనా చెప్పేదుంటే చెప్పండి" అని ఆచారమునకై యనిరి.

స్త్రీల వరుసలోనుండి హైమవతి లేచెను. ముందునకు నడచి యేసోబు ప్రక్కన నిలిచి, మంగతాయారు అన్నట్లే తన వెనుకకు వచ్చి నిలువగా, పెదవులు కదపెను.

"ఏమంటుంది?"

"వినపళ్లేదు. గట్టిగా చెప్పు పిల్లా!"

ఆమె మరల పెదవులు కదపెను. గాలి కదలెను గాని మాట కదలలేదు. అంతట సభలోని కన్నులన్నియు యేసోబువైపు తిరిగెను. తల్లిని విడిచినచో ఆ బాలిక గొంతు తెలిసినవాడు అతడొక్కడే. ఆమె మాటను ఊరికి వినిపింపగల కంఠమును అతనిదే.

"ఏమంటుందో నువ్వు చెప్పు యేసోబూ!" అని పలువురు కేకలు వేసిరి.

యేసోబు పైకప్పువంక చూచెను. "నాకూ వినపళ్లేదండి" అనెను.

అది అబద్ధమని ఆ సభలో నొక్క హైమవతికే తెలిసెను. ఏలయన ఆమె పలికిన ప్రతిమాటకును అతని చూపుడువ్రేలు డప్పు అంచుపై చప్పుడు లేకుండ మ్రోగియుండెను. యేబదియేండ్లలో మాట మింగనివాడు తనకొఱకై మొదటిమారు మింగినాడు. తాను ఊరకుండినచో ఆ మాట ఆతనితోనే బీరువాలో పడి తాళము వేయబడును. ఈ తలంపు కలిగినంతనే ఆమె చేయి తనంతట చాచుకొని అతని చంకనున్న కఱ్ఱపుల్లను లాగికొనెను. డప్పుపై నొకటి, రెండు, మూడు దెబ్బలు పడెను. రెల్లుపాలెమువారికి డప్పు మ్రోగినచో నోరు మూయుట ఉగ్గుపాలతో వచ్చిన విద్య. సభ అంతయు నిశ్శబ్దమయ్యెను. ఆ నిశ్శబ్దమును నింపవలసిన పని తప్పించుకొనరానిదై హైమవతిపై బడెను.

"ఇందుమూలముగా..." అని ఆమె మొదలిడెను. ఆ పాతమాటలు ముందునడచి చేయిపట్టుకొని దారిచూపినట్లు తక్కిన మాటలు వాని వెంట వచ్చెను. "ఇందుమూలముగా గ్రామ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, ఆ మూడు చాటింపులూ సర్కారువి కావు. నావి. నేను రాసి చదివాను. తాత విన్నది విన్నట్టు చెప్పాడు, అంతే. కావాలంటే నా డైరీ తీసుకుని బీరువాలో పెట్టుకోండి. డప్పు మాత్రం తీసుకోవద్దండి."

ఆ కంఠము పెద్దది గాదు. కాని వసారా కడపటి స్తంభమువఱకు పోయి తాకెను. ఉపాధ్యాయుడు ఆశ్చర్యముతో కండ్లద్దాలు తీసి తుడుచుకొనెను. అంతట సూరాయమ్మ లేచి చంకనున్న సంచిని విదిల్చి చూపెను.

"అయితే ఓట్లు ఇవ్వరన్నమాటేనా? నేను సంచీ ఉతుక్కుని మరీ తెచ్చానే!"

సభ ఘొల్లున నవ్వెను. బుల్లెబ్బాయిగారు బల్లపై చఱచి "నవ్వకండి! ఏమ్మా, నా మీద రాస్తావా నువ్వు?" అనిరి.

"మీ పేరు రాయలేదండి."

"పేరు రాయకపోతే ఊరంతా సంచులట్టుకుని నా ఇంటికే ఎందుకొచ్చింది?"

ఈ ప్రశ్న అడిగిన పిమ్మట దానికి జవాబు తానే ఇచ్చితినని ఆయనకు తోచెను. అప్పటికే నవ్వు మొదటి వరుసనుండి చివరి వరుసకు ప్రాకిపోయెను. ఆయన గొంతు సవరించుకొని కొంత మెత్తబడిన స్వరముతో నడిగిరి.

"ఓటు ఒకసారి వేశాక తిరిగెలా ఇస్తారే పిచ్చిపిల్లా?"

"ఇవ్వక్కర్లేదండి" అని హైమవతి పలికెను. "ఎందుకు మారారో ఇంటింటికీ వచ్చి చెబితే చాలండి."

వసారాలో నవ్వులణగెను. బుల్లెబ్బాయిగారు తన భుజముపైని కండువా కొనలను వ్రేళ్లతో చుట్టుచు విప్పుచు నుండిరి. స్త్రీల వరుసలో ఆయన భార్య ఒడిలో కూర్చున్న మనుమరాలు తాతవంకనే చూచుచుండెను.

"మొన్న మా పిల్లదీ ఇదే అడిగింది" అని ఆయన తుదకనిరి. "అక్కడ చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్తాను. మన కాలవ మీద వంతెన వేయిస్తామన్నారు, అందుకెళ్లాను. జిల్లాలో నాకో కుర్చీ ఇస్తామన్నారు. అందుక్కూడా వెళ్లాను."

ఎవ్వరును ఈ రెండవమాటను ఎదురుచూడలేదు. అంతటి నిజమును బల్లవెనుకనుండి వినుట ఆ గ్రామమునకు కొత్త.

"వంతెనొచ్చిందా బాబూ?" అని సూరాయమ్మ యడిగెను.

"రాలేదు మామ్మా."

"కుర్చీ?"

"అదీ రాలేదు."

"అయితే సంచీ నువ్వే ఉంచుకో నాయనా. నాకంటే నీకే అవసరం."

ఈమారు అందఱికంటె బిగ్గరగా నవ్వినవారు బుల్లెబ్బాయిగారే. ఆ నవ్వులో రెండు నెలలుగా ఆయన ఎదపై నున్న బరువేదో దొర్లిపడినట్లు తోచెను. ఆయన స్వయముగా లేచి బీరువా తలుపు మూసిరి. సభ ఏకకంఠముగా తీర్మానించినదేమనగా: యేసోబు డప్పు యేసోబునొద్దనే యుండును. సర్కారుమాట ముందు చాటవలెను. పిదప మూడు దెబ్బలు విడిగా కొట్టి, ఇది సర్కారుమాట కాదు, మన హైమమాట యని చెప్పి ఆమె వ్రాసినది చాటవలెను. వినుట, వినకుండుట ఎవరి ఇష్టము వారిది. ఇంతలో సత్యలింగము లేచి "గాలి సంగతి నేనూ ఓ మాట రాసిస్తానండి. నా వైపు నుంచీ చాటాలి. నేను పుట్టక ముందే ఆ ప్యాకెట్లలో గాలుందండి" అని కోరగా అదియు అంగీకరింపబడెను. ఫోనులు గంపక్రింద పెట్టు నియమము ప్రభుత్వపుటుత్తరువు గాదని తెలిసినను తల్లులెవ్వరును దానిని మానుటకొప్పుకొనలేదు. కోళ్లకు మాత్రము వేఱొక గంప అల్లింపవలెనని పలువురు పట్టుబట్టిరి.

తరువాతి ఆదివారమున లేయెండ మూడు వీథులపై పసుపునీరు చల్లినట్లు పఱచుకొనియున్న వేళ డప్పు మ్రోగెను. సర్కారుమాటగా దోమలమందు కొట్టు సంగతి చాటి యేసోబు మూడు దెబ్బలు విడిగా కొట్టి ఛాతి పొంగించెను.

"ఇది సర్కారు మాట కాదహో, మన హైమ మాటహో! ఇంటికి వచ్చిన చుట్టములు పిల్లలను మొట్టమొదట మార్కులు ఎన్ని వచ్చినవని అడుగరాదు. అడిగినవారు తమ పదియవ తరగతి మార్కులు ముందుగా చెప్పవలెనహో!"

వాకిట చేటలో బియ్యము చెఱుగుచున్న సూరాయమ్మకు ఈ మాట రుచింపలేదు. చేట క్రింద పెట్టి కూడలికి వినబడునట్లు కేకవేసెను.

"తప్పు రాసింది పిల్ల! మార్కులు అడక్కపోతే పిల్లల్తో మాటెలా మొదలెడతాం?"

యేసోబు అలవాటు చొప్పున హైమవతి జవాబును విని చాటుటకై పాకవైపు తిరిగి చెవియొగ్గెను. ఆ అవసరము లేకపోయెను. హైమవతి చేతిలో పచ్చడిగిన్నెతోనే వాకిటికి వచ్చి నడివీథిలో నిలిచి ఎలుగెత్తి పలికెను.

"తిన్నావా అని అడుగు మామ్మా!"

"తిన్నావా అనడిగితే కూర్చుంటారే! పెట్టాలి గదా!"

"మరి పెట్టు!"

ఆ వీథియందలి గడపలన్నిటను మనుజులు వెలికి వచ్చిరి. కొందఱు మామ్మ పక్షమును కొందఱు పిల్ల పక్షమును వహించిరి. మాటకు మాట, నవ్వునకు నవ్వు వీథి యీవలినుండి యావలికి ఎగురుచుండెను. రాజ్యములను ఏలువారే నిలుపుదురని పెద్దలు చెప్పుదురు గాక. ఒకరు పలికినదానికి మఱియొకరు తన వాకిట నిలిచి జంకక బదులు పలుకు వీథి యొక్కటి యున్నచో రాజ్యమునకు అంతకంటె గట్టిపునాది వేఱొకటి యుండదని ఆ ఉదయమున తోచినది. ఆ మాటల వానలో చాటుటకేమియు మిగులక యేసోబు నడివీథిలో డప్పును నేలపై దింపి, దానిప్రక్కన తానును కూర్చుండి, చేతులు కట్టుకొని, జీవితమున మొదటిసారిగా కేవలము వినుచుండెను.